రిపేరా, అమ్మకమా

ఆ వానాకాలం మా ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. ఆస్తి గొడవ కాదు, ఆడవాళ్ల గొడవ అంతకన్నా కాదు. సేల్స్ టాక్స్ దగ్గర వచ్చింది పేచీ. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. నవ్వితే నవ్వండి, నాకేం. ఆ కాలమంతా ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మాది కార్ల రిపేరు షెడ్డు. ముందు భాగంలో మా ఆయన, ఇద్దరు పనివాళ్లు కార్ల కింద దూరి పని చేస్తుంటారు. గుమ్మం పక్కన గాజు కిటికీ ఉన్న చిన్న గది నాది. బిల్లులు, ఫోను, అలిగిన కస్టమర్లు నా వాటా. వెనకాల, రేకుల కప్పు బాగా కిందికి వంగిన చోట మామయ్య బల్ల. ఆయన ముట్టుకునేది ఒక్కటే వస్తువు, సెల్ఫ్ మోటారు. తాళం తిప్పగానే గిర్రున తిరిగి ఇంజన్ని నిద్ర లేపుతుందే, అది. వానలు పడితే చాలు, వాటికి జబ్బు చేస్తుంది. నీళ్లు దూరుతాయి, లోపలి తీగ కాలిపోతుంది. పొద్దున్నే ఊళ్లో సగం కార్లు టిక్కు టిక్కుమని దగ్గి ఊరుకుంటాయి. మాకు ఆ కాలంలోనే పని ఎక్కువ.

మామయ్యకి ఒక పద్ధతి ఉండేది. ఒక మోటారు విప్పి, కొత్త తీగ చుట్టి, ఆరబెట్టి, మళ్లీ బిగించాలంటే రెండు రోజులు పడుతుంది. అన్నాళ్లు మనిషిని కారు లేకుండా కూర్చోబెట్టడం ఆయనకి నచ్చదు. అందుకని బల్ల వెనక ర్యాకు నిండా బాగు చేసిన మోటార్లు వరసగా పెట్టి ఉంచేవారు. మీ కారు వచ్చిందనుకోండి, మీ చచ్చిపోయిన మోటారు ఊడదీసి, ర్యాకు మీద నుంచి అదే రకంది ఒకటి తీసి బిగించేస్తారు. అరగంటలో మీరు మీ దారిన వెళ్లిపోతారు. మీది తర్వాత తీరిగ్గా బాగై ర్యాకెక్కుతుంది, ఇంకెవరి కోసమో. అలా ఊళ్లో మోటార్లన్నీ ఆయన చేతుల మీదుగా ఒక కారులోంచి ఇంకో కారులోకి మారుతూ ఉండేవి. ఈ సంగతి ఎవరికీ చెప్పాలని ఆయనకి తోచలేదు. ఎవరూ అడగనూ లేదు.

బిల్లులో నేను 'సెల్ఫ్ మోటారు రిపేరు, లేబర్' అని ఒక్క పద్దు రాసేదాన్ని. మా దగ్గర లేబర్‌కి సేల్స్ టాక్స్ లేదు. కొత్తగా వేసిన ప్లగ్గు, బెల్టు, బ్రేకు ముక్క లాంటి సామాను మీదే టాక్సు. ఈ మాత్రం మాకు తెలుసు. తెలుసని కొంచెం గర్వంగా కూడా ఉండేది.

వానలు మొదలైన కొత్తల్లో టాక్సు ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. సన్నటి మనిషి. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడుతూ నా గదిలోకి వచ్చి కూర్చుంది. బిల్లులన్నీ తిరగేసి, "బాగా రాస్తున్నారండీ," అంది. "సామాను ఒక పద్దు, లేబర్ ఒక పద్దు. చాలా షెడ్లలో రెండూ కలిపి ఒకే అంకె వేసేస్తారు. అలా కలిపేస్తే మొత్తానికీ పన్ను పడుతుంది, తర్వాత లబోదిబోమంటారు."

నేను పొంగిపోయాను. టీ తెప్పించాను. ఆ టీ తెప్పించకుండా ఉంటే బాగుండేది. ఆవిడ గ్లాసు చేత్తో పట్టుకుని, కాళ్లు సాగదీసుకుందామన్నట్టు షెడ్డంతా చూసుకుంటూ వెనక్కి వెళ్లి, సరిగ్గా మామయ్య బల్ల దగ్గర ఆగింది.

"ఇవన్నీ ఎవరివండీ?" అని ర్యాకు చూపించింది.

మామయ్య తీగ చుట్టడం ఆపలేదు. "వచ్చేవాళ్లవమ్మా," అన్నారు.

"ఎవరు వచ్చేవాళ్లు?"

"ఇంకా రాలేదు కదా. వస్తే గానీ ఎలా చెప్పను?"

ఆవిడకి అర్థం కాలేదు. మామయ్య మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. తన పని గురించి అడిగితే మాత్రం ఆనకట్ట తెగినట్టే. తీగ పక్కన పెట్టి, ఒక మోటారు ఆవిడ చేతిలో పెట్టి, తన పద్ధతంతా పూస గుచ్చినట్టు చెప్పారు. ఇది ఒకప్పుడు ఫలానా డాక్టరుగారి కారులోది, ఇది బేకరీ వ్యానులోది, ఇప్పుడు ఎవరొస్తే వాళ్లది. ఎవరినీ ఆగమనే పని లేదు. చూడండి ఎంత సుఖమో. ఆవిడ టీ పూర్తి చేసి, గ్లాసు బల్ల మూలన పెట్టింది.

"పెద్దాయనా, మీ పద్ధతి చాలా బాగుంది. కాకపోతే ఇది రిపేరు కాదండీ. అమ్మకం."

"నేనేం అమ్మానమ్మా?" అన్నారు మామయ్య.

"ఆయన మోటారు ఆయనకే బాగు చేసి ఇస్తే రిపేరు. అది లేబర్, పన్ను లేదు. మీ ర్యాకు మీది తీసి ఆయన కారుకి పెడితే సామాను ఇచ్చినట్టే కదండీ. సామాను ఇచ్చి డబ్బు తీసుకుంటే దాన్ని అమ్మకమే అంటాం. పన్ను వసూలు చేసి కట్టాలి."

"ఈ ర్యాకు మీద నా సొంతం అన్నది ఒక్కటీ లేదమ్మా. అన్నీ జనానివే."

మామయ్య కాసేపు ర్యాకు వైపే చూసి, "మరి నేను ఎవరి వస్తువు అమ్మినట్టు?" అన్నారు.

ఆఫీసరమ్మ నిజంగానే ఆలోచించింది. ఆలోచించి, "అది మా శాఖలోకి రాదండీ," అంది. వెటకారం కాదు. ఉన్నమాటే చెప్పింది.

వెనకటి బిల్లులకి కొంత కట్టమన్నారు. తెలియక చేశారని ఆవిడే రాసుకుంది కాబట్టి కొంప మునిగేంత కాలేదు. ఆ నెల ఇంటి ఖర్చు కాస్త బిగబట్టుకుంటే సరిపోయింది. వేరే ఇంట్లో అయితే ఇక్కడితో అయిపోవాల్సిన విషయం.

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన హుషారుగానే ఉన్నాడు. "ఏముంది ఇందులో. రేపటి నుంచి ఇంకో పద్దు రాసెయ్యి," అన్నాడు నాతో. "మార్చిన మోటారు, దానికి పన్ను. బిగించిన లేబర్ విడిగా. ఆవిడకీ తృప్తి, మనకీ తృప్తి."

మామయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అమ్మేటప్పుడు అమ్ముతున్నానని చెప్పాలి. వాళ్లది ఉంచుకునేటప్పుడు ఉంచుకుంటున్నానని చెప్పాలి. రెండూ చెప్పకుండా ఇన్నేళ్లూ చేశాను. దాన్ని ఏమంటార్రా?"

"వ్యాపారం అంటారు నాన్నా," అన్నాడు మా ఆయన నవ్వుతూ.

మామయ్య సగం భోజనంలో లేచి చెయ్యి కడుక్కున్నారు. అత్తయ్య కొడుకు వైపు ఒక చూపు చూసింది. "నీ నోటికి గడియ పెట్టించాలిరా," అని గొణుక్కుంటూ కంచం తీసింది. మా ఆయనకి తను చేసిన తప్పేంటో ఇంకా తెలియలేదు. నాకూ పూర్తిగా తెలియలేదనుకోండి. పన్ను కట్టమన్నారు, కట్టేశాం, ఇంక బాధేంటి అనే అనుకున్నాను.

మర్నాడు చూస్తే ర్యాకు మీద పాత దుప్పటి కప్పి ఉంది.

"ఎవరిది వాళ్లకే," అన్నారు మామయ్య. "వాళ్ల మోటారే బాగు చేసి వాళ్లకే ఇస్తాను. రెండు రోజులు ఆగుతారు."

వినడానికి బాగానే ఉంది. ఆగేవాళ్లు ఉండాలి కదా. అరగంటకి అలవాటు పడ్డ జనం రెండు రోజులంటే ఒంటికాలి మీద లేచారు. కదలని కార్లతో షెడ్డు ముందు స్థలమంతా నిండిపోయింది. ఒకటి బయటికి తీయాలంటే మూడు తోయాలి. పనివాళ్లు వానలో కార్లు తోసి తోసి ముక్కులు కార్చుకుంటూ తిరిగారు. మా ఆయన పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, స్పానర్లు కింద పెట్టడం మానేసి విసరడం మొదలుపెట్టాడు.

మాకు పెద్ద బేరం టాక్సీల ఆయన. ఆయన టాక్సీలన్నీ మా దగ్గరే బాగవుతాయి. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. ఒకరోజు చచ్చిన టాక్సీని తాడు కట్టి లాక్కొచ్చి, తిన్నగా మామయ్య బల్ల దగ్గరికి వెళ్లాడు.

"పెద్దాయనా, రెండు రోజులంటున్నారేంటి? బండి తిరిగితేనే నాకు తిండి."

"ఆగు నాయనా. నీది నీకు చక్కగా చేసిస్తాను."

"నాది నాకెందుకండీ? అది నాకేమన్నా మేనమామా? ఏదో ఒకటి పెట్టి పంపండి."

"ఏదో ఒకటి అంటావేంటి," అన్నారు మామయ్య. గొంతు బాగా తగ్గిపోయింది. ఆయన చేతిలోంచి వెళ్లిన ఏ మోటారునీ ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి అనుకోలేదు. టాక్సీల ఆయనకి అది పట్టలేదు. సాయంత్రంలోగా కాకపోతే ఇంకో షెడ్డు చూసుకుంటానని గట్టిగా చెప్పి, టాక్సీ వదిలి వెళ్లాడు.

మధ్యాహ్నం మామయ్య భోజనానికి ఇంటికి వెళ్లారు. ఇల్లు రెండు వీధుల అవతలే. ఆయన అలా మలుపు తిరిగారో లేదో, మా ఆయన వెళ్లి దుప్పటి ఎత్తి ఒక మోటారు తీశాడు. చకచకా టాక్సీకి బిగించాడు. టాక్సీల ఆయనకి ఫోన్ చేసి రమ్మన్నాడు. చేతులు తుడుచుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చి, "రిపేరు, లేబర్ అని రాసెయ్యి," అన్నాడు.

"ఆయనది బాగు చేశారా, ర్యాకు మీది పెట్టారా?"

"చూశావుగా. పన్ను పద్దు వేస్తే నాన్న కంట్లో పడుతుంది. ఈ ఒక్కసారికీ రాసెయ్యి."

"ఈ ఒక్కసారికీ అంటే, ఇంకోసారి కూడా వస్తారు."

"నువ్వు నా పెళ్లానివా, ఆఫీసరమ్మవా?"

"రెండూ కాదు. ఈ గదిలో బిల్లు రాసేదాన్ని. కింద సంతకం నాది," అన్నాను. పెళ్లయ్యాక షెడ్డు విషయంలో ఆయన మాట కాదనడం అదే మొదలు. సామాను పద్దులో మోటారు రాశాను, దాని మీద పన్ను వేశాను, కింద లేబర్ విడిగా రాశాను. టాక్సీల ఆయన బిల్లు వైపు చూడనైనా చూడకుండా డబ్బు కట్టి, బండి తీసుకుని చక్కా పోయాడు. మా ఆయన మొహం మాడిపోయింది.

మామయ్య వచ్చారు. దుప్పటి మడత మారిందని దూరం నుంచే కనిపెట్టారు. ఎత్తి చూసి, నా దగ్గరికి వచ్చారు.

"ఏమని రాశావమ్మా?"

"అమ్మకం అనే రాశాను మామయ్యా. పన్నుతో సహా."

తల ఊపారు. తర్వాత కారు కింద పడుకుని ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మా ఆయన కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడినట్టు అడిగారు.

"అతనిది మన దగ్గర ఉండిపోతుందని చెప్పావా?"

"ఆయనకి అక్కర్లేదు నాన్నా," అంది కారు కింది గొంతు. "ఎవరికీ అక్కర్లేదు. నీ ఒక్కడికే కావాలి."

"అక్కర్లేనిదే అయితే, నేను భోజనానికి వెళ్లేదాకా ఎందుకు ఆగావురా?"

కారు కింద స్పానరు చప్పుడు మళ్లీ మొదలైంది. మామయ్య ఏప్రన్ విప్పి మేకుకి తగిలించారు. సబ్బుతో చేతులు కడుక్కున్నారు, సాయంత్రం ఇంటికి వెళ్లేముందు కడుక్కున్నంత శుభ్రంగా. వానలోనే నడిచి వెళ్లిపోయారు. మర్నాడు షెడ్డుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఇంట్లో ఏం జరుగుతోందో అత్తయ్య చెప్పేది. మొదటిరోజు ఫ్యాను విప్పారట. తర్వాత కుట్టుమిషను. "నిన్న వీధి తలుపు తాళం విప్పాడమ్మా," అంది ఒకరోజు. "బాగానే ఉన్న తాళం. ఎందుకయ్యా అంటే లోపల మురికి పట్టిందట. ఇప్పుడు తలుపు మూసుకోదు. రేపు నన్ను కూడా విప్పి ఆరబెడతాడేమో, నాకు భయంగా ఉంది." నేను నవ్వాను. అత్తయ్యా నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

షెడ్డులో మోటార్లు పేరుకుపోయాయి. మా ఆయన వాటిని ఊరవతల ఇంకెవరి దగ్గరికో పంపించి చుట్టించాడు. అవి వారం తిరక్కుండా మళ్లీ వచ్చాయి. కస్టమర్ల తిట్లు నాకు, విసుగు మా ఆయనకి. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూ, ఒకరితో ఒకరు ఒక్క మాట లేదు. అన్నీ నా ద్వారానే.

"మీ ఆయనకి చెప్పమ్మా, చుట్టిన మోటారు తడిగా ఉండగా బిగిస్తే మళ్లీ కాలుతుందని."

"మీ మామయ్యకి చెప్పు, అంత తెలిసిన ఆయన వచ్చి బిగించుకోవచ్చని."

ఇద్దరూ అక్కడే ఉంటారు, ఇద్దరికీ చెవులున్నాయి. అయినా మధ్యలో నేను కావాలి. వేరే గదుల్లో ఉన్నప్పుడు మోసే మాటల్లో సగం దారిలో పారేసేదాన్ని. 'రమ్మన్నారు మామయ్యా' అని ఒకసారి కల్పించి చెప్పాను కూడా. ఆయన నా మొహం చూసి, "వాడు అలా అనడమ్మా," అన్నారు మెల్లిగా.

పైకి జోకులేస్తున్నానే గానీ నాకు లోపల దిగులుగా ఉండేది. మామయ్య వేళ్లు ఊరుకునేవి కావు. కూర్చుని మాట్లాడుతూ దారప్పోగు ఒకటి తీసుకుని పెన్ను చుట్టూ చుట్టేవారు, వరస తప్పకుండా, ఒకదాని పక్కన ఒకటి ఆనించి. చివరిదాకా చుట్టి, మళ్లీ విప్పేసేవారు. ఒక పొద్దున అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఈయన ఇంక ఆ బల్ల ముందు కూర్చోరేమో, ఇలా పెన్నులకి దారం చుట్టుకుంటూ ముసలైపోతారేమో అనిపించింది. పన్ను సరిగ్గా రాసినందుకు నాకు ఇదా దక్కేది అని ఆఫీసరమ్మని, నన్ను, అందరినీ మనసులోనే తిట్టుకున్నాను.

ఆ పొద్దునే ఆయన పెన్ను పక్కన పెట్టి, "నర్సమ్మ ఇల్లు నీకు తెలుసు కదా. తీసుకెళ్తావా?" అన్నారు.

నర్సమ్మ ఆసుపత్రిలో పని చేసే ఆవిడ. చిన్న కారు ఉంది. వానలకి ముందు మా దగ్గరికి వచ్చి మోటారు బాగు చేయించుకుని వెళ్లింది.

"ఏం పని మామయ్యా?"

"ఆ రోజు బండి తీసుకుని వెళ్తూ ఒక మాటంది. 'మా బండి మోటారు మీ చేతిలో పడింది, నాకింక దిగుల్లేదు' అంది. ఆవిడ బండిలో ఉన్నది ఆవిడ మోటారు కాదు కదమ్మా. ఆ మాట నన్ను నిద్రపోనివ్వట్లేదు."

ఇద్దరం స్కూటరు మీద సన్న జల్లులో వెళ్లాం. నర్సమ్మ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తల తుడుచుకుంటూ తలుపు తీసింది. తెల్ల యూనిఫాం కుర్చీ వీపు మీద ఆరేసి ఉంది. కూర్చోమంది. మామయ్య కూర్చోలేదు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడే చెప్పేశారు.

"మీ బండిలో ఉన్న మోటారు మీది కాదండీ. వేరేవాళ్లది. నేను బాగు చేసిందే, మంచిదే. కానీ మీది కాదు."

"మరి నాదేదీ?"

"బాగు చేసి పాల వ్యానుకి పెట్టాను. ప్రస్తుతం అందులో తిరుగుతోంది."

ఆవిడ నా వైపు చూసింది, ఈ పెద్దాయన ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు. "నిజమేనండీ," అన్నాను.

"ఇప్పుడున్నది పని చేస్తోంది కదా?"

"చేస్తుంది. దానికి పూచీ నాది."

"అయితే ఇంకేంటండీ?"

మామయ్య టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. తిట్లు పడడానికి సిద్ధపడి వచ్చిన మనిషి. తిడితే భరించి, క్షమించమని అడిగి ఉండేవారు. ఇంకేంటి అంటే ఏం చెప్తారు. ఎవరికీ అక్కర్లేదని కొడుకు అన్న మాటే నిజమైందనుకున్నారో ఏమో, మొహంలో రక్తం లేదు. నాకు ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోవాలనిపించింది.

నర్సమ్మ తువ్వాలు భుజాన వేసుకుని ఆలోచించింది. "నాకు మోటారు మీద బెంగేం లేదండీ," అంది. "ఆ రోజు డ్యూటీకి టైమైపోతోంది. మీరు చెప్పినా ఇదే పెట్టించుకునేదాన్ని. కాకపోతే ఒక్క మాట అడగాల్సింది. మేం సూది వేసేముందు వేయమంటారా అని అడుగుతాం. వద్దనేవాళ్లు దాదాపు ఎవరూ ఉండరు. అయినా అడుగుతాం."

"అవునమ్మా," అన్నారు మామయ్య. "అడగాల్సింది."

ఆవిడ టీ తాగమంటే వద్దని బయటికి వచ్చేశాం. మా వీధి మలుపు దగ్గర నేను ఎడమకి తిప్పబోతుంటే వెనక కూర్చున్న మామయ్య భుజం మీద తట్టారు.

"ఇంటికి కాదు. షెడ్డుకి పోనీ."

ఆ రోజు నుంచి మామయ్య కొత్త అలవాటు చేసుకున్నారు. కారు ఆగగానే చేతిలో పని వదిలేసి నా కిటికీ దగ్గరికి వస్తారు. ఎవరైనా సరే, అదే ప్రశ్న. "మీదే బాగు చెయ్యమంటారా, ర్యాకు మీది పెట్టమంటారా? మీదైతే రెండు రోజులు పడుతుంది, లేబర్ ఒక్కటే. ర్యాకు మీదైతే అరగంట. అది అమ్మకం, పన్ను ఉంటుంది. మీ పాతది మా దగ్గర ఉండిపోతుంది. ఒప్పుకుంటేనే." వాళ్లు జవాబు చెప్పాక నా వైపు తిరిగి, "ఇది లేబర్ రాయమ్మా," అనో, "ఇది అమ్మకం రాయమ్మా," అనో చెప్తారు. అమ్మకం అనే మాట మొదట్లో ఆయన గొంతులో అడ్డం పడేది. పోను పోను అలవాటైంది.

చాలామంది ర్యాకుదే కోరుకున్నారు. ఒకాయన పన్ను తప్పుతుంది కదా అని తనదే బాగు చెయ్యమని, రెండు రోజులూ వానలో నడుస్తూ మమ్మల్ని తిట్టుకున్నాడు. టాక్సీల ఆయన, "ఇన్ని ప్రశ్నలు మా ఆవిడ కూడా వెయ్యదు పెద్దాయనా," అని నెత్తి గోక్కుని, మొత్తానికి అడిగిన ప్రతిసారీ నించుని జవాబు చెప్పేవాడు. ఇంకో షెడ్డు చూసుకోలేదు.

మామయ్యకి అది కూడా చాలలేదు. స్వయంగా టాక్సు ఆఫీసుకి వెళ్లి ఆఫీసరమ్మ ఎదురుగా కూర్చుని సందేహాలన్నీ తీర్చుకుని వచ్చారు. చేతులు తుడిచే గుడ్డలకి మనం కొన్నప్పుడే పన్ను కట్టేశాం, మళ్లీ బిల్లులో వెయ్యకూడదట. షెడ్డులో వాడే గ్రీజుకీ అంతేనట. ర్యాకు మీది మన సొంత బండికి తీసుకున్నా పన్ను మనమే కట్టాలట. పనివాళ్లని నిలబెట్టి ఇవన్నీ అప్పజెప్పించుకునేవారు. వాళ్లు పారిపోయి కార్ల కింద దాక్కునేవాళ్లు.

అందరితో మాట్లాడేవారు, కొడుకుతో తప్ప. కొడుకు దుప్పటి ఎత్తినందుకు కాదు, తను లేని వేళ చూసి ఎత్తినందుకు ఆయన మనసు విరిగింది. మా ఆయనకి అది తెలుసు. మాట్లాడదామని బల్ల దాకా వెళ్లేవాడు. అక్కడ నిలబడి, ఏదో స్పానరు వెతుక్కున్నట్టు వెతుక్కుని, ఏదో ఒకటి చేతిలో పట్టుకుని వచ్చేసేవాడు. "వెళ్లి తప్పయిందని అనలేరా?" అన్నాను ఒకసారి. "నోరు రావట్లేదే," అన్నాడు. అంత మాట ఒప్పుకునే మనిషి కాదు. నాకు జాలేసింది.

వానలు వెనకపట్టే రోజుల్లో, ఒక మధ్యాహ్నం మా సొంత వ్యాను షెడ్డు ముందే ఆగిపోయింది. దారిలో చెడిపోయిన కార్లని లాక్కొచ్చే వ్యాను అది. అదే టైముకి ఎవరో కస్టమరు పెద్ద రోడ్డు మీద కారు ఆగిపోయి, వచ్చి లాక్కెళ్లమని ఫోను మీద ఫోను చేస్తున్నాడు. మా ఆయన తాళం తిప్పాడు. టిక్కుమంది. ఇంకోసారి తిప్పాడు. వానలోనే వ్యాను కిందికి దూరి మోటారు ఊడదీసి, రెండు చేతులతో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. తిన్నగా తండ్రి బల్ల దగ్గరికి వెళ్లి మోటారు ముందు పెట్టాడు.

పనివాళ్లు సుత్తి దెబ్బలు ఆపేశారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

మామయ్య మోటారు అందుకుని, తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని కాలిన వాసన చూశారు. తర్వాత తలెత్తారు. చాలా రోజుల తర్వాత కొడుకు మొహం చూశారు.

"నీదే బాగు చెయ్యమంటావా, ర్యాకు మీది పెట్టుకుంటావా?" అన్నారు. ఎవరినైనా అడిగినట్టే అడిగారు, ఒక్క ముక్క ఎక్కువా తక్కువా లేకుండా. "ర్యాకు మీదైతే అరగంట. పన్ను ఉంటుంది. నీదైతే రెండు రోజులు."

మా ఆయన ర్యాకు వైపు చూశాడు. దుప్పటి ఎప్పుడో తీసేశారు. మా వ్యాను రకంది ఎదురుగానే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. నా గదిలో ఫోను మోగుతోంది.

"నాదే బాగు చెయ్యి నాన్నా," అన్నాడు. "ఆగుతాను."

"రెండు రోజులు పడుతుంది."

"పడనీ."

మామయ్య బల్ల మీద చోటు చేసి, స్క్రూడ్రైవరుతో మోటారు విప్పడం మొదలుపెట్టారు. మా ఆయన కదల్లేదు. మూత ఊడి వచ్చాక మామయ్య తల దించుకునే, "ఆ తీగ చివర పట్టుకోరా, చెయ్యి తుడుచుకుని," అన్నారు. మా ఆయన చొక్కాకి చెయ్యి తుడుచుకుని పట్టుకున్నాడు.

ఫోను ఇంకా మోగుతూనే ఉంది. ఎత్తి, "మా వ్యాను ఇవాళ రాదండీ, ఇంకొకరి నంబరు ఇస్తాను, రాసుకోండి," అని చెప్పాను.